పరాయి నేలపై ఊరి యాస

కువైటులో శుక్రవారము సెలవుదినము. ఎండ వాలిన పిమ్మట నగరమందలి అంగళ్ల వీథులలో పరదేశపు కార్మికులు గుంపులు గుంపులుగా చేరుదురు. మలయాళము, హిందీ, బంగాళీ, అరబ్బీ మాటల నడుమ తెలుగు మాటయు తరచుగా వినవచ్చుచుండును. రాజంపేట, రాయచోటి ప్రాంతముల నుండియు, కోనసీమ గ్రామముల నుండియు కొన్ని దశాబ్దములుగా జనులు బ్రతుకుతెరువు వెదకికొనుచు ఆ దేశమునకు పోవుచున్నారు. మోటారు నడుపువారు, ఇండ్లలో వంటచేసి పసిపిల్లలను సాకు స్త్రీలు, ఎడారిలో గొర్రెలను మేపువారు, అందరును వారిలో కలరు. వారమునకు ఒక పూట సెలవు దొరకిన అదృష్టవంతులు ఆ వీథులకు వచ్చెదరు. కొనవలసిన వస్తువు ఏదియు లేకున్నను వచ్చెదరు.

దేశము విడిచిన వాని చెవికి ఒక వింత గుణము అబ్బును. విమానము దిగిన తొలినాడు హిందీ మాట వినబడినను వానికి ప్రాణము లేచివచ్చును. మాటలాడినవాడు లాహోరు నుండి వచ్చినవాడైనను సరే, మనవాడే అనిపించును. నెల తిరుగుసరికి హిందీ చాలదు, తెలుగు కావలెను. వీథిలో తెలుగు చెవినబడినచో చేతిలోని పని విడిచి పలుకరించును. ఏడాది గడచిన పిమ్మట తెలుగును చాలదు. "యాడికి పోతాండావన్నా" అను పలుకు వినబడినగాని రాయచోటివాడు ఆగడు. "ఆయ్, అలాగేనండి" అని సాగిన గొంతు వినబడినగాని కోనసీమ స్త్రీ తల త్రిప్పదు. బెంగ ముదిరిన కొలది చెవి ఇరుకగును. తొలుత దేశమును, పిదప భాషను వెదకిన చెవి తుదకు ఊరిని వెదక మొదలిడును.

విదేశములలో తెలుగువారు ఒకరితో ఒకరు కలియరను నింద తరచుగా వినుచుందుము. దానికి కులాభిమానము, ప్రాంతాభిమానము కారణములని చెప్పుదురు. అది చాలవరకు నిజమే కావచ్చును. కాని కొంత తప్పు ఈ చెవిది కూడ.

ఇంతకును ఈ యాస అనునది ఏమి? అది పదము కాదు, వ్యాకరణము కాదు. పలుకు ఎచ్చట సాగవలెనో, ఎచ్చట విరుగవలెనో, వాక్యము తుదిని గొంతు లేవవలెనో వాలవలెనో నిర్ణయించునది యాస. భావమును బట్టి మారు స్వరమును మన ఆలంకారికులు కాకువు అన్నారు. యాస దానికి భిన్నమైనది. కోపము వచ్చినను, నవ్వు వచ్చినను గోదావరివాని యాస గోదావరిదే, పాలమూరువాని యాస పాలమూరిదే. నిజమునకు కోపము వచ్చినప్పుడే అది మరింత బయటపడును. పట్టణమున పదియేండ్లు కాపురముండి మాట దిద్దుకొన్నవాడు సయితము బండి గుద్దినవానిని తిట్టునప్పుడు తన ఊరి పేరు చెప్పకయే చెప్పివేయును.

దేశభేదమున మాట మారుటను పండితులు గుర్తింపకపోలేదు. పతంజలి తన మహాభాష్యమున, పోవుట అను అర్థమున ఒక ధాతువును కాంబోజ దేశమువారు మాత్రమే వాడుదురనియు, సురాష్ట్రులు మరియొకటి వాడుదురనియు వ్రాసినాడు. రెండువేల యేండ్లకు పూర్వమే ఒక వైయాకరణుడు ఇరుగుపొరుగు దేశములవారి మాటతీరు చెవియొగ్గి విన్నాడన్నమాట. తెలుగునకు అట్టి పని ఆధునిక పద్ధతిలో జరిగినది ఇటీవలనే. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున సిద్ధమైన మాండలిక వృత్తిపదకోశము, మొదటి సంపుటము, వ్యవసాయ పదములతో 1962లో వెలువడినది. ఊరూర తిరిగి, రైతుల నోట విన్న మాటలను కూర్చిన గ్రంథమది. వారు తెలుగుదేశమును మాటతీరును బట్టి నాలుగు మండలములుగా విభజించినారు. తూర్పున విశాఖపట్టణము, శ్రీకాకుళము, ఉత్తరమున తెలంగాణము, దక్షిణమున రాయలసీమ, నెల్లూరు ప్రాంతములు, నడుమ గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలు.

శాస్త్రమునకు నాలుగు చాలును గాని బెంగకు చాలవు. ఏటికి ఆవలి ఒడ్డు మాట వేరు, ఈవలి ఒడ్డు మాట వేరు. కరీంనగరమువాడు "అత్తున్న" అనినచోట నల్లగొండవాడు "వస్తున్న" అనును. పరాయివాడు ఈ రెంటికిని భేదము పట్టలేడు. దుబాయిలో ఒకే గదిలో పండుకొను ఎనమండుగురిలో ఎవడు జగిత్యాలవాడో, ఎవడు సిరిసిల్లవాడో దీపము ఆర్పిన తరువాత కూడ తోటివారు చెప్పగలరు.

పదములయొక్క ముచ్చట మరియొకటి. అమెరికాలోని ఏ భారతీయుల అంగడికి పోయినను ఒకే అరలో వేరుసెనగ గింజల సంచులుండును. దానిని గుంటూరు ఇల్లాలు వేరుసెనగ అనును, వరంగల్లు ఇల్లాలు పల్లీలు అనును, అనంతపురము ఇల్లాలు బుడ్డలు అనును, చిత్తూరు ఇల్లాలు శెనక్కాయలు అనును. నలుగురును కొనునది ఒకే సంచి. గోంగూర, పుంటికూర అను వివాదము అందరెరిగినదే. పచ్చడి ఒకచోట తొక్కు, ఒకచోట ఊరుబిండి. సంచిపై అచ్చొత్తిన ఆంగ్లనామము అందరికిని చదువవచ్చును. దానివలన ఎవ్వరికిని ఇల్లు జ్ఞప్తికి రాదు. తన ఇంటి పేరుతో ఎవరో ఆ వస్తువును అడుగగా విన్నప్పుడు మాత్రము చేతిలోని బుట్ట క్రింద పెట్టి చూచుదురు.

అయితే ఇదే యాస స్వదేశమున ఎట్టి మర్యాద పొందినదో కూడ చెప్పుకొనవలెను. తెలుగు చలనచిత్రములలో అనేక సంవత్సరములు తెలంగాణపు పలుకు రౌడీలకును, హాస్యగాండ్రకును కేటాయింపబడినది. రాయలసీమ పలుకు కత్తి పట్టినవానిది. శ్రీకాకుళపు పలుకు పనివానిది, అమాయకునిది. కథానాయకునికి, అతడు ఏ ఊరివాడైనను, కృష్ణాతీరపు మాటయే. ఈ అవమానము తెలంగాణ ఉద్యమమున ఒక ప్రధానమైన ఆరోపణగా నిలిచినది. 2014లో రాష్ట్రమేర్పడిన పిమ్మట కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ భాషాదినముగా జరుపుచున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29 అంతకుముందే తెలుగు భాషాదినము. రెండు దినములును వాడుకమాటకు మర్యాద కోరినవారివే యగుట గమనింపదగినది.

మోటు అని నవ్వినవారు ఆ మాటల పుట్టుక ఎరుగరు. "నాకెర్క లేదు" అనినచో నవ్వుదురు గాని ఎరుక ప్రాచీన కవులు వాడిన పదము. తొవ్వ అనునది త్రోవయే. రాయలసీమ రైతు నాగలిని మడక అనినచో అది నిఘంటువులకెక్కిన పాతమాటయే. కాని కళాశాలలో చేరిన పదునెనిమిదేండ్ల కుర్రవానికి నిఘంటువుతో పనిలేదు. తోటివారు నవ్వకుండిన చాలును. వాడు తొలియేడు మూగయై గడపును, రెండవయేడు మాట మార్చుకొనును.

శ్రీకాకుళము జిల్లా టెక్కలి చెంత ఒక పల్లెలో పుట్టి, ఇట్లే మాట మార్చుకొని, ఇంజనీరై అమెరికా చేరిన ఒకనిని ఊహింపుడు. నాను అనుట మాని నేను అనుట నేర్చినాడు. ఏటి అనుట మాని ఏమిటి అనుట నేర్చినాడు. "సెప్పినాడు" అను మాట నోట జారినప్పుడు సిగ్గుపడి దిద్దుకొన్నాడు. పదునైదేండ్లు గడచినవి. చికాగో నగరమున జనవరి మాసము. మంచు మోకాలిలోతున పడియున్నది. డెవన్ వీథిలోని భారతీయుల అంగడిలో బియ్యపు సంచి ఎత్తుచుండగా వెనుకనుండి ఒక గొంతు వినబడినది. కొడుకును చూడవచ్చిన ముసలమ్మ యెవరో, చీరపై లావుపాటి కోటు తొడిగి, కోడలితో అనుచున్నది: "గుంటడికి ఆనపకాయంటే ఇష్టం, రెండు తీసుకోయే."

గోదావరివానికి గుంట అనగా నీరు నిలిచిన పల్లము. అతనికి మాత్రము గుంటడు అనగా తాను. అతని తల్లి బ్రతికియున్నన్నాళ్లు అతనిని పిలిచిన పేరు అది. సంచి దించి దగ్గరకు పోయి, "అమ్మా, మీది ఏ ఊరు?" అని అడిగినాడు.

ఆమె సంతోషముతో, "పలాస బావూ. మా గుంటడు ఇక్కడే ఉజ్జోగం సేత్తన్నాడు. మీది గుంటూరు వైపా?" అన్నది.

"కాదమ్మా. మాది టెక్కలి దగ్గర."

ఆమె అతని ముఖము వంక పరిశీలనగా చూచి, నొప్పింపవలెనను తలంపు ఏమాత్రము లేకయే అన్నది: "అలాగా బావూ? మాట మనూరి మాటలా నేదే."

అతడు ఊరి మాటలో జవాబు చెప్పవలెనని యత్నించినాడు. పదములు వచ్చినవి, రాగము రాలేదు. నాటకమున వేషము కట్టినవాని పలుకువలె తన చెవికే వినబడినది. టెక్కలి వీథుల పేర్లు, సంతపేట దారి, తండ్రి పేరు, అన్నియు చెప్పగలడు, సాక్ష్యములకు లోటులేదు. సాక్ష్యము చెప్పవలసివచ్చుటయే కష్టము. ఎవరును దోచుకొనలేదు, తానే విడిచినాడు. విడిచిననాడు దానికి వెలయున్నదని తెలియదు.

యాస అంత లోతున నాటుకొని యుండుటకు శాస్త్రజ్ఞులు ఒక కారణము చూపుచున్నారు. జర్మనీ, ఫ్రాన్సు దేశముల పరిశోధకులు 2009లో ఒక పరిశీలనను ప్రకటించినారు. పుట్టి వారమైనను నిండని 30 మంది ఫ్రెంచి శిశువుల ఏడుపును, 30 మంది జర్మను శిశువుల ఏడుపును వారు పోల్చి చూచినారు. ఫ్రెంచి శిశువుల ఏడుపు క్రిందినుండి పైకి లేచు తీరున ఉన్నది. జర్మను శిశువులది పైనుండి క్రిందికి వాలు తీరున ఉన్నది. ఆ రెండు భాషల నడకయు అట్టిదే. కడుపులో ఉన్నప్పుడే, చివరి నెలలలో, తల్లి మాటలోని రాగము బిడ్డకు వినబడుచుండుననియు, పదమొక్కటి తెలియకమునుపే ఆ రాగము పట్టుబడుననియు వారి అభిప్రాయము. అట్లయిన "మాతృభాష" అను మాటకు పండితులు చెప్పినదానికంటె పల్లెతల్లులు చెప్పుకొను అర్థమే దగ్గరగా ఉన్నది.

ఒకప్పుడు పరదేశమున ఉన్నవానికి ఇంటినుండి వచ్చునది ఉత్తరము మాత్రమే. ఉత్తరమునకు యాస లేదు. వ్రాయను చదువను రాని తల్లి అరుగుమీద కూర్చుండి చెప్పుచుండగా, బడిపంతులో, పోస్టుమానో "ఉభయకుశలోపరి" అని మొదలిడి, ఆమె మాటను పుస్తకపు మాటగా మార్చి వ్రాసెడివాడు. ఆమె చెప్పినది "పైలం బిడ్డా" అని. కొడుకు చదివినది "ఆరోగ్యము జాగ్రత్తగా చూచుకొనవలెను" అని. అర్థము చేరినది, తల్లి చేరలేదు. పిమ్మట గల్ఫు దేశములకు పోయినవారు టేపురికార్డరు కొనితెచ్చి, మాటలు నింపిన క్యాసెట్లను ఊరికి పోవువారి చేత పంపుట మొదలిడినారు. అందు తల్లి గొంతుతోపాటు వెనుక కోడికూతయు, పొరుగింటివారి కేకయు వినబడెడివి. విన్న క్యాసెట్టునే మరల మరల విని, నాడా తెగినచో అతికించుకొన్నవారు కలరు. నేడు చేతిలోని ఫోనున తల్లి ముఖము సయితము అనుదినము కనబడుచున్నది. దూరము తగ్గినది, బెంగ తగ్గినదని చెప్పుటకు వీలులేదు. కొడుకు మాట మారుచుండుట ఉత్తరములనాటి తల్లికి తెలిసెడిది కాదు. ఈనాటి తల్లికి వారమువారము తెలియుచున్నది.

భాషయే పోయిన పిమ్మట యాస యేమగునను ప్రశ్నకు మారిషస్ ద్వీపము జవాబు చెప్పుచున్నది. 1834 మొదలు సుమారు 1920 వరకు దాదాపు అయిదు లక్షలమంది భారతీయ కూలీలు పోర్టు లూయీ రేవున దిగినారు. కొందరు అచ్చటినుండి ఇతర దేశములకు పంపబడినారు. వారు అడుగుమోపిన మెట్లు, ఆప్రవాసీ ఘాట్, 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినవి. అట్లు వచ్చినవారిలో తెలుగువారును కలరు. గోదావరి ముఖమున ఉన్న కోరంగి రేవునుబట్టి పరాయివారు వారిని కోరంగీలన్నారు. బర్మాలోని రంగూను రేవున మూటలు మోసిన తెలుగువారికిని అదే పేరు. ఎక్కిన రేవు పేరే జాతి పేరైనది. ఎవడు ఏ పల్లెవాడో అడిగినవాడు లేడు.

చెరకుతోటలలో తరములు గడచినవి. ఆ కుటుంబములలో నేడు ఇంటిమాట క్రియోలు. తెలుగును పిల్లలు బడిలో పాఠముగా నేర్చుకొనుచున్నారు. ఉగాది అచ్చట ప్రభుత్వ సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అచ్చటనే జరిగినవి. ఇవియన్నియు సభలలో చెప్పుకొనదగిన సంగతులు. సభలలో చెప్పనిది మరియొకటి కలదు. ఆ కుటుంబములు కొలుచు దైవము సింహాద్రి అప్పన్న. చేయు పండుగ అమ్మోరు పండుగ. సింహాచలపు దేవుని వరాహలక్ష్మీనృసింహుడని పిలువక అప్పన్న యని పిలుచునది ఆ కొండచుట్టునున్న పల్లెజనము. అమ్మవారు అనునది పుస్తకపు మాట. అమ్మోరు అనునది నోటిమాట. ఓడ యెక్కిన కూలీ తాళపత్రములు తీసికొనిపోలేదు, వ్యాకరణము తీసికొనిపోలేదు. నోటిలో ఏ రూపముండెనో దానినే తీసికొనిపోయినాడు. తెలుగున ఒక వాక్యమైన కూర్పలేని మునిమనుమడు ఆ ఒక్క మాటను మాత్రము తాత పలికినట్లే పలుకుచున్నాడు. వాని ఊరి పేరు కాగితములలో వెదకవలసినదే. దిక్కు మాత్రము ఆ మాటలో తెలిసిపోవుచున్నది.

ఈ లెక్కన చూచినచో అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో ఆదివారపు తెలుగు బడులు నడుపువారి ముందు ఒక చిక్కుముడి ఉన్నది. ఏ తెలుగు నేర్పవలెను? పాఠ్యపుస్తకమునకు ఒక తెలుగే ఉండును, అది తప్పదు. చెప్పువారు ఒక జిల్లావారు, కూర్చున్న పిల్లలు పది జిల్లాలవారు. ఎవరి ఇంటిమాటను వారికి విడిచి, పుస్తకపు మాటను అదనముగా ఇచ్చు ఉపాధ్యాయులు కలరు. పుస్తకమున లేనిదెల్ల తప్పని దిద్దువారును కలరు. వారి ఉద్దేశము మంచిదే. కాని పిల్లవాడు దేశమున లేడు. వానికి వీథిలో తెలుగు లేదు, బడిలో తెలుగు లేదు. వారమునకొకసారి ఫోనులో వినబడు ఒక ముసలిగొంతు తప్ప వేరు ఊరు లేదు. దానిని తప్పనినచో వానికి మిగులునది వర్ణమాల.

నిజామాబాదు కుటుంబమునకు చెందిన ఏడేండ్ల పిల్లవాడు టెక్సాసులో అట్టి బడికి పోవుచున్నాడనుకొందము. వాని బాపమ్మ ఫోను పెట్టివేయుటకు ముందు ప్రతిసారియు "పైలం బిడ్డా" అనును. పైలమనగా జాగ్రత్త, పాత తెలుగులోని పదిలమే పైలమైనదని చెప్పుదురు. పిల్లవానికి ఆ సంగతి తెలియదు. సెలవు తీసికొనునప్పుడు తెలుగువారు అనవలసిన మాట అదియే కాబోలు ననుకొన్నాడు. ఒక ఆదివారము బడి ముగిసిన తరువాత సంచి భుజమున వేసికొని, తెనాలినుండి వచ్చిన పంతులమ్మగారితో, "పైలం టీచర్" అన్నాడు.

ఆమెకు ఆ మాట తెలియదు. పుస్తకమున లేదు. "ఏమన్నావు నాయనా, మళ్లీ చెప్పు" అని అడిగినది. తప్పు పలికితినేమో యని వాడు బెదరి, తల్లి వంక చూచినాడు. తల్లి గుమ్మమువద్ద కారు తాళములు పట్టుకొని నిలుచున్నది. తానే కొడుకుతో ఇంటిలో ఆ మాట అనుట మానివేసి ఎన్నాళ్లయినదో ఆమెకు జ్ఞప్తికి రాలేదు. "మా అత్తమ్మ మాటండి" అని చెప్పి, పిల్లవాని చేయి పట్టుకొని, కారువద్దకు పోవుచు, దానిని వానిచేత ఇంకొకసారి పలికించినది.